ఫుట్‌పాత్ మీదే నడవాలట!

ఏటా జనవరి రాగానే రోడ్డు భద్రత సభలు మొదలవుతాయి. వేదిక, పూలకుండీలు, మైకు, శాలువాలు. ముఖ్య అతిథి లేచి హెల్మెట్ గురించి ఐదు నిమిషాలు, సీటు బెల్టు గురించి మూడు నిమిషాలు చెప్పి, చివర్లో నడిచేవాళ్ల మీదికి వస్తాడు. "మన జనానికి ఫుట్‌పాత్ వాడే అలవాటే లేదు. పాదచారులు విధిగా ఫుట్‌పాత్ మీదే నడవాలి" అంటాడు. చప్పట్లు. హన్మకొండలో అలాంటి సభకు ఒకసారి నేనూ పోయాను, నేనూ చప్పట్లు కొట్టాను. బయటికొచ్చి చూస్తే హాలు ముందు ఫుట్‌పాత్ మీద సభికుల మోటారు సైకిళ్లు రెండు వరుసల్లో బారులు తీరి ఉన్నాయి. అతిథికి స్వాగతం పలికే ఫ్లెక్సీ కర్రల్ని కూడా ఆ ఫుట్‌పాత్‌లోనే గుంతలు తీసి పాతారు. ఆయన కారు నేరుగా మెట్ల దాకా వచ్చింది కనుక ఇవేవీ ఆయన కంటపడలేదు. పాపం, ఆయన తప్పేముంది?

అయినా పెద్దమనిషి మాట, ఒక్కరోజైనా పాటించి చూద్దామనుకున్నాను. ఒక శనివారం సాయంత్రం వరంగల్ రైల్వే స్టేషన్ ముందు నిలబడి ఒట్టు పెట్టుకున్నాను. చౌరస్తా దాకా ఫుట్‌పాత్ దిగను. పెద్ద దూరమేమీ కాదు. చిన్నప్పుడు మా నాయన వేలు పట్టుకుని బటానీలు నములుకుంటూ పోయేవాణ్ని. పొట్లం అయిపోకముందే చౌరస్తా వచ్చేది.

ముందు ఎక్కడం దగ్గరే ఆగిపోయాను. ఫుట్‌పాత్ ఎలా ఉండాలో రాసిపెట్టిన పుస్తకం ఒకటుంది, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల 103వ నంబరు కోడ్. గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు, అంటే ఆరంగుళాలు మించగూడదు. తల మీద 2.2 మీటర్ల దాకా ఏదీ వేలాడగూడదు. ఏ అడ్డమూ లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, రెండు చక్రాల కుర్చీలు ఎదురైనా తప్పుకుని పోయేటట్టు. మనవాళ్లు దీన్ని రెండు చక్రాల బండ్లు అని చదువుకున్నట్టున్నారు. అవి మాత్రం దర్జాగా పడుతున్నాయి. గట్టు చూస్తే మోకాలెత్తు. పంచె కట్టుకున్న ముసలాయన ఎక్కాలంటే ఒక చేత్తో పంచె, ఒక చేత్తో కరెంటు స్తంభం పట్టుకోవాలి. ఆ స్తంభానికి ఇంటర్నెట్ వైర్ల చుట్టలు ఐదారు వేలాడుతుంటాయి. ఎవరిదైనా కనెక్షన్ ఊడిపోతే ఆ ముసలాయన మీదికే వస్తారు.

ఎక్కాను. పది అడుగులు వేశానో లేదో మొదటి షాపు మెట్లు. షాపు లోపల మొదలైన మెట్లు ఫుట్‌పాత్ దాటి రోడ్డును ముద్దు పెట్టుకుని ఆగాయి. మెట్లెక్కి మళ్లీ దిగాను. ఆ పక్క షాపువాడు మెట్లు ఎక్కలేని గిరాకీ కోసం ర్యాంపు కట్టాడు. నున్నటి గ్రానైట్. వాన పడితే జారుడుబండ. దాన్ని దాటితే బట్టల దుకాణం వాళ్ల ప్లాస్టిక్ బొమ్మలు నాలుగు, పట్టు చీరలు కట్టుకుని, నడుము మీద చేయి పెట్టుకుని నిలబడ్డాయి. సందెచీకటి పడింది, కళ్లజోడు మీద దుమ్ము. "జర జరుగమ్మా" అన్నాను. జరగలేదు. దుకాణం పిల్లగాడు పక్కున నవ్వి, "అవి బొమ్మలు సార్" అన్నాడు. బొమ్మలైతేనేం, ఊరు మొత్తం మీద ఫుట్‌పాత్ మీద గౌరవంగా నిలబడ్డ ఆడవాళ్లు వాళ్లే.

తర్వాత ట్రాన్స్‌ఫార్మర్. పుర్రె బొమ్మ, కింద "ప్రమాదం" అనే అక్షరాలు. దాని కంచెకూ గోడకూ మధ్య ఉన్న సందులో నుంచి పిల్లి పోతుంది, నేను పోలేను. దానవతల మోరీ మీద బండ ఒకటి లేదు. ఆ బొందలో ఎవరో పుణ్యాత్ముడు ఒక వేపకొమ్మ గుచ్చి, చివరన ఎర్రగుడ్డ కట్టాడు. మా నగరంలో నిక్కచ్చిగా పనిచేసే రోడ్డు భద్రతా ఏర్పాటు ఆ కొమ్మే. దానికి టెండరు లేదు, శిలాఫలకం లేదు. ఎండిపోతే ఇంకో కొమ్మ వస్తుంది. ఎవరు పెడతారో ఎప్పుడూ చూడలేదు గానీ, ముఖ్య అతిథి శాలువా ఆయనకు కప్పాలి.

అక్కడ ఒట్టు తీసి గట్టున పెట్టి రోడ్డు మీదికి దిగాను.

దిగగానే వెనక నుంచి హారన్. ఆ తర్వాత మాట. "ఏందే కాకా, ఫుట్‌పాత్ లేదా? సడక్ మీద నడుస్తున్నవ్!" ఆ అన్నవాడు ఎటు నుంచి వచ్చాడని వెనక్కి చూస్తే, ఫుట్‌పాత్ మీది నుంచే బండి దించుతున్నాడు.

ఓరుగల్లు పుట్టుక గురించి పెద్దలు ఒక కథ చెబుతారు. వెనకట ఇక్కడ ఒక బండి చక్రం రాయికి తగిలిందట, చక్రం ఇనుము బంగారమైందట, అది పరుసవేది లింగమని తెలిసి రాజు గుడి కట్టించాడట. ఆనాడు బండి రాయికి తగిలింది, ఇప్పుడు మనిషి తగులుతున్నాడు. నా బొటనవేలు ఈ ఊళ్లో కనీసం పాతిక రాళ్లకు తగిలి ఉంటుంది. గోరు నల్లబడిందే తప్ప బంగారం కాలేదు.

మా దగ్గర నడవడమంటేనే ఏదో ఆపద వచ్చిందని లెక్క. నడుస్తూ కనబడితే తెలిసినవాళ్లు బండి ఆపుతారు. "బండి ఖరాబైందా అన్నా? ఎక్కు, దింపుత." లేదు, ఊరికే నడుస్తున్నానంటే మొహం జాలిగా పెట్టి గొంతు తగ్గించి అడుగుతారు. "షుగరా?" షేర్ ఆటోవాళ్లదీ అదే బాధ. "హన్మకొండ, హన్మకొండ, కాజీపేట!" అని అరుస్తూ మనిషి పక్కనే నెమ్మదిగా దొర్లుకుంటూ వస్తారు, పెండ్లికొడుకు పక్కన తోడు పెండ్లికొడుకు లాగా. నేను వద్దని తల ఊపితే ఒకడు నిజంగా నొచ్చుకున్నాడు. "పది రూపాలకు నడుసుడేంది సార్!"

పొద్దున నడిస్తే మాత్రం పరువు. భద్రకాళి బండ్ దగ్గర తెల్లవారుజామున ఒకసారి నిలబడి చూడండి. కార్లు వస్తాయి, స్కూటర్లు వస్తాయి. తెల్ల బూట్లు, చెవుల్లో తీగలు, మణికట్టు మీద అడుగులు లెక్కబెట్టే గడియారం. చెరువు గాలి పీల్చుకుంటూ చేతులు ఊపుకుంటూ నడుస్తారు. నడక అయ్యాక మళ్లీ బండెక్కి ఇంటికి పోతారు. అదే మనిషికి సాయంత్రం గల్లీ చివరి కిరాణా కొట్టుకు పోయి పావుకిలో పెసరపప్పు తేవాలంటే మళ్లీ బండి కావాలి. నడవడానికి బండెక్కి పోయే జాతి భూమ్మీద ఇంకెక్కడైనా ఉందేమో గానీ, వాళ్లను తిట్టడానికి నాకు నోరు రాదు. పాపం చేతులు ఊపడానికి జాగ ఊళ్లో ఇంకెక్కడుంది? చౌరస్తాలో చేయి ఊపితే ఆటో ఆగుతుంది, లేదా పక్కవాడి చెంప పగులుతుంది.

జనం సంగతి చెప్పకపోతే నాకూ పుణ్యం దక్కదు. అన్నీ బండ్ల మీదికి, షాపుల మీదికి తోసేస్తే సరిపోదు. జేపీఎన్ రోడ్డు మీద సద్దుల బతుకమ్మ ముందు రోజుల్లో ఎప్పుడైనా నడిచారా? నడిచారని అనకూడదు, తేలారు అనాలి. వెనక జనం తోస్తే ముందుకు, ముందు జనం ఆగితే అక్కడే. ముందు పోయే మనిషి ఎప్పుడు ఆగుతుందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. ఆమెకు గాజుల దుకాణంలో ఏదో రంగు కనబడుతుంది, ఠక్కున ఆగుతుంది, వెనక పదిమంది ఒకరి మడమ మీద ఒకరు ఎక్కుతారు. సరిగ్గా ఆ నడిబజార్లోనే వదినా మరదళ్లు కలుస్తారు. "అయ్యో వదినా, ఎన్నడొచ్చినవ్? పిల్లలేరి?" వదిన చెల్లెలి పెండ్లి సంబంధం దగ్గర మొదలైన మాట పొలం పంపకాల దాకా పోతుంది, రెండు దిక్కుల జనం నిలిచిపోతుంది. పక్కకు జరగండమ్మా అంటే ఇద్దరూ ఒకేసారి చూస్తారు. ఆ చూపు తర్వాత ఇంకో మాట అనగల మగాడు ఓరుగల్లులో పుట్టలేదు.

ఇంకో రకం ఉంది. ముగ్గురు కాలేజీ పిల్లలు భుజాల మీద చేతులు వేసుకుని గోడలాగా నడుస్తారు. మధ్యవాడు ఫోన్ చూస్తాడు, పక్కవాళ్లు ఆ ఫోన్ చూస్తారు, దారి ఎవరూ చూడరు. ఎదురొచ్చినవాడు ఎడమకు జరిగితే వాళ్లూ అటే జరుగుతారు, కుడికి జరిగితే కుడికి. రెండు నిమిషాలు కోలాటం ఆడాక ఎవరో ఒకరు నవ్వుతారు, దారి దొరుకుతుంది. గుట్కా నోట్లో వేసుకుని ఇప్పుడో అప్పుడో తల తిప్పబోయేవాడు ముందు నడుస్తుంటే మాత్రం నవ్వు రాదు. ఆ తల ఎటు తిరుగుతుందో కనిపెట్టుకుని నడవాలి. నేను తెల్ల చొక్కా మానేసి మూడేండ్లయింది.

నేను మాత్రం తక్కువా? మొన్న చెప్పు పట్టీ తెగితే నడిబజార్లో కూర్చుండిపోయి, పిన్నీసు కోసం జేబులు వెతుక్కున్నాను. నా మీది నుంచి దాటిపోయినవాళ్లు ఏమేం అన్నారో ఇక్కడ రాయలేను.

ఇక రోడ్డు దాటడం. చౌరస్తాలో తెల్లచారలు ఉంటాయి. వాటి మీద ముందు చక్రాలు పెట్టుకుని మోటారు సైకిళ్లు నిలబడతాయి, పరుగు పందెంలో గీత మీద కాలు పెట్టినట్టు. ఎర్రదీపం పడితే దాటొచ్చు అనుకుంటాం. కానీ ఎడమకు పోయేవాడికి ఫ్రీ లెఫ్ట్ ఉంది, వాడికి ఎర్రదీపం పనిచేయదు. ఎదురు నుంచి రాంగ్ రూట్‌లో వచ్చేవాడికి ఏ దీపమూ పనిచేయదు. అన్ని దిక్కుల వాళ్లకూ ఒక్కో వంతు ఉంది, నడిచేవాడి వంతు మాత్రం రాదు. 2017లో కేంద్రం తెచ్చిన డ్రైవింగ్ నిబంధనల్లో దీపాలు లేని క్రాసింగ్ దగ్గర ముందు దారి నడిచేవాడికే అని స్పష్టంగా ఉంది. దాన్ని చదివిన డ్రైవరు ఎదురైతే కాళ్లకు మొక్కుదామనుకున్నాను. ఇంకా ఎదురుకాలేదు.

ఆ శనివారం నా పక్కన ఒక అవ్వ నిలబడింది. ఏదో ఊరి నుంచి పెద్దాసుపత్రికి వచ్చినట్టుంది. చేతిలో ఎక్స్‌రే కవరు, కొంగున ముడి, కాళ్లకు ప్లాస్టిక్ చెప్పులు. పావుగంట నుంచి నిలబడే ఉందట. "బిడ్డా, జర దాటియ్యవా" అని నా మణికట్టు పట్టుకుంది. ఊళ్లో నలభై ఏండ్ల నుంచి ఉంటున్నవాణ్ని కదా, ధైర్యంగా ఒక అడుగు వేశాను. బస్సు వచ్చింది, వెనక్కి వేశాను. మళ్లీ వేశాను. ఆటో. మళ్లీ వెనక్కి. మూడోసారి అవ్వకు విసుగొచ్చింది. నా చేయి వదిలేసి, ఆ ఎక్స్‌రే కవరును తల మీదికి ఎత్తి పట్టుకుని, ఎటూ చూడకుండా సీదా నడిచింది. ఆగాయండీ! బస్సు ఆగింది, కారు ఆగింది, ఫ్రీ లెఫ్ట్ వాడు కూడా ఆగాడు. ఎవరి ఎముక విరిగిందో గానీ ఆ బొమ్మకు ఉన్న విలువ ఎర్రదీపానికి లేదు. నేను అవ్వ కొంగు వెనకే దాటాను. అవతల గట్టు చేరాక, "నువ్వు గూడ భయపడ్డవా బిడ్డా?" అని అడిగింది.

ఇక్కడ ఎవరో ఒకరు తోపుడు బండ్ల మాట ఎత్తుతారని తెలుసు. స్పెషల్ డ్రైవ్ అని పేపర్లో చదువుతుంటాం. లారీ వస్తుంది, మిర్చి బజ్జీల బండి, జామకాయల బండి, పాత చెప్పులు కుట్టే గొడుగు ఎత్తుకుపోతుంది. ఫుట్‌పాత్ ఖాళీ అయిందని ఫొటో పడుతుంది. ఆ ఫొటోలోనే బట్టల దుకాణం మెట్లు, ర్యాంపు, జనరేటరు చక్కగా కనబడుతుంటాయి, వాటి జోలికి పోరు. బండికి చక్రాలున్నాయి కనుక దొరుకుతుంది, ర్యాంపుకు చక్రాలు లేవు. వీధి వ్యాపారులను ఎక్కడ కూర్చోబెట్టాలో కమిటీ వేసి నిర్ణయించాలని 2014లో పార్లమెంటు చట్టమే చేసింది. నన్నడిగితే ఫుట్‌పాత్ మీద నాకు దారి ఇచ్చేది బజ్జీల బండి ఆమె ఒక్కతే. వస్తున్నానని చూసి స్టవ్ పక్కకు జరుపుతుంది, "పైలం సార్, నూనె" అంటుంది. జనరేటరు ఏనాడూ పైలం అనలేదు.

2025 మే 14న సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. అడ్డంకులు లేని ఫుట్‌పాత్ పాదచారుల హక్కు, అది రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగం అని. జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్ ఇచ్చిన ఆదేశం. బతుకుదెరువు కూడా ఆ 21లోనే ఉందని ఇదే కోర్టు 1985లో, బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద బతికేవాళ్ల కేసులో చెప్పింది. అంటే బజ్జీల ఆమెకూ 21, నాకూ 21. ఇద్దరం ఒకే అధికరణం మీద సర్దుకుని నిలబడగలం. మరి ర్యాంపుది ఏ అధికరణం? జనరేటరుది ఏ షెడ్యూలు? జీవించే హక్కు మీద జనరేటరు పెట్టి తాళం వేసుకుపోయినవాణ్ని అడిగే సభ ఏ జనవరిలోనూ చూడలేదు.

ఎన్నడూ ఇంతేనా అంటే కాదు. వినుకొండ వల్లభరాయుడి పేరుతో ఉన్న క్రీడాభిరామం నిండా ఓరుగల్లు వీధుల్లో ఇద్దరు స్నేహితుల నడకే. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి. పొద్దున బయల్దేరి, కోడిపందేలు చూసి, పొట్టేళ్ల పందెం చూసి, పూటకూళ్ల ఇంట్లో భోంచేసి, కబుర్లు చెప్పుకుంటూ ఊరంతా తిరుగుతారు. ఆ ఇద్దర్ని ఇప్పుడు స్టేషన్ దగ్గర దింపితే చౌరస్తా దాకా కూడా కావ్యం సాగదు. శర్మ డివైడరుకు ఈ పక్క, సెట్టి ఆ పక్క. మధ్యలో ఇనుప జాలీ. పద్యాలన్నీ "ఏయ్ సెట్టీ, అక్కడే ఉండు, నేనొస్తున్నా!" అనే కేకల్లోనే అయిపోతాయి.

గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును పాత రాజులు లాగేసుకునేవారు, మేము సుంకం తప్ప ఏమీ తీసుకోం, భయపడకండి అని పరదేశపు వర్తకులకు మాట ఇచ్చాడు. సముద్రం మీద వచ్చే పరాయివాడికి అభయం ఇచ్చిన రాజు కొలువుదీరిన ఊళ్లో, రోడ్డు మీద వచ్చే సొంతవాడికి అభయం లేదు. ఏటా కాకతీయుల వైభవం మీద ప్రసంగాలు మాత్రం ఉన్నాయి. కోటలో కీర్తి తోరణాలకు తలుపులు పెట్టలేదు, ఎవరైనా నడిచి లోపలికి పోవచ్చు. ఆ తోరణం నమూనాలు ఇప్పుడు ఊళ్లో ఎటు చూసినా కనబడతాయి. వాటి కింద నుంచి నడిచిపోవడమే కష్టం.

పథకాలకు కొదవ లేదు. 2015లో కేంద్రం మన ఊరిని హృదయ్ పథకంలో చేర్చింది, 2016 మేలో స్మార్ట్ సిటీల జాబితాలో చేర్చింది. హృదయం వచ్చింది, తెలివి వచ్చింది. స్మార్ట్ సిటీల మిషన్ గడువు 2025 మార్చి 31తో ముగిసింది కూడా. ఇక కాళ్ల పథకం ఒక్కటే మిగిలింది. దానికి ఏ పేరు పెట్టాలో తేలక ఆగినట్టుంది.

"అలవాటు లేదు" అంటున్నారు కదా. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క చూడండి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచిపోయేవాళ్లే. రోజుకు దాదాపు 90 మంది. వీళ్లంతా ఫుట్‌పాత్ వాడే అలవాటు లేక పోయారా? లేని దానికి అలవాటు పడటం ఎలాగో ఆ సభల్లో ఎవరూ చెప్పరు. బావి తవ్వించకుండా, ఈ ఊరివాళ్లకు నీళ్లు తాగే అలవాటు లేదన్నట్టుంది.

అందుకే వచ్చే జనవరి ముఖ్య అతిథి గారికి ఇప్పుడే విన్నపం. సభ హన్మకొండలో కాదు, వరంగల్ చౌరస్తాలో పెడదాం. తమరు స్టేషన్ దగ్గర దిగండి. అక్కడి నుంచి తమరు చెప్పినట్టే ఫుట్‌పాత్ మీది నుంచే రండి. కారును వెంట రానివ్వకండి, ముందు పోలీసు విజిల్ వద్దు. బొమ్మలు జరగవు, అడగకండి. వేపకొమ్మ కనబడ్డ చోట ఆగండి. రోడ్డు దాటేటప్పుడు ఎవరైనా అవ్వ చేతిలో ఎక్స్‌రే కవరు ఉంటే ఆమె వెనకే నడవండి. సభ కాస్త ఆలస్యమైనా ఫర్వాలేదు, శాలువా పట్టుకుని మేం నిలబడే ఉంటాం.